దుప్పటి పట్టుకునే వైపు

ఆసుపత్రి వెనకవైపు, ఆవిరి గొట్టాలు గోడలోంచి బయటికి వచ్చే చోట మా బట్టల గది ఉంది. నాలుగు వందల మంచాల దుప్పట్లు రోజూ అక్కడికి మురికిగా వచ్చి తెల్లగా వెళ్తాయి. ఉతికేవీ ఆరబెట్టేవీ యంత్రాలే గానీ మడిచేది మాత్రం మనుషులం. మడత పెట్టే యంత్రం కూడా ఒకటి తెచ్చారు. అది కొసలు కలపలేక మూలన పడింది. ఇప్పుడు దాని మీద టీ గ్లాసులు పెట్టుకుంటున్నాం. నేను కిటికీ పక్కన కూర్చుని చిరిగినవి కుడతాను, అందుకే అందరూ సూదమ్మ అంటారు. కూర్చుని చేసే పని కాబట్టి, నిలబడి పనిచేసేవాళ్లందరినీ చూసే వీలు దేవుడు నాకిచ్చాడు.

అలా చూస్తూ చూస్తూ నా కళ్లు ఎక్కువగా అలిసింది బొంగరం వల్లే. ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. యాభై రెండేళ్ల మనిషి. కాలు ఒకచోట నిలవదు. టీ తాగుతూ నడుస్తుంది, నడుస్తూ జడ వేసుకుంటుంది, జడ వేసుకుంటూ ఎవరి కొంగో ఊడిందని సర్దుతుంది. వాళ్లాయన ఏడంతస్తుల ఆఫీసులో లిఫ్టు నడుపుతాడు. ఆయన రోజంతా స్టూలు మీద కూర్చునే పైకీ కిందికీ తిరుగుతాడు. ఈవిడ కూర్చోగా చూసినవాళ్లు లేరు. "మా ఇంట్లో కుర్చీ ఒక్కటే వదినా, రెండోది కొన్నా దుమ్ము పడుతుందంతే" అంటాడాయన నాతో.

దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. ఇద్దరూ చెరో రెండు కొసలు పట్టుకుని ఒక్కసారి దులపాలి. తర్వాత ఒకరు నిలబడి ఉంటారు. రెండోవాళ్లు ఎదురు నడిచి తమ కొసలు వాళ్ల చేతికిచ్చి, వంగి, కిందికి వేలాడే మడత అందుకుని వెనక్కి వెళ్తారు. మళ్లీ వస్తారు. మేము దీన్ని నడిచే వైపు, పట్టుకునే వైపు అంటాం. బొంగరానిది నడిచే వైపు. పట్టుకునే వైపు ఉండేది ఆమెకంటే ఆరేళ్లు పెద్దదైన గుంజక్క. ఆవిడ పాతిన గుంజలా కదలకుండా నిలబడుతుంది కాబట్టి ఆ పేరు. ఇరవై రెండేళ్లుగా వాళ్లిద్దరూ ఒక జత. బొంగరం గుంజ దగ్గరికి రావడం, వెళ్లడం, రావడం. ఆ గదిలో గడియారం చూడాల్సిన పనిలేదు.

ఇక పాటలు. ఇస్త్రీ బాబాయి దగ్గర గోడకు తగిలించిన ఒక స్పీకరు ఉంది. పొద్దున హుషారు పాటలు పెడతాడు. తిండి తిన్నాక ఒళ్లు బరువెక్కే వేళకి తేలిక పాటలు పెడతాడు. తేలిక పాటలన్నది ఆయన పెట్టిన పేరే. తెడ్డు పక్కన పెట్టి పడవలో వెల్లకిలా పడుకున్నవాడు మబ్బులతో మాట్లాడే పాట ఒకటి. ఒక చాప, ఒక గిన్నె, ఒక కిటికీ చాలు, మిగతాది మీరే ఉంచుకోండి అని ఒకావిడ నవ్వుతూ పాడేది ఇంకొకటి. తలుపు తీసిపెట్టి గాలిని లోపలికి రమ్మనే పాట, ఇంటికి పోయే దారిలో చెప్పులు చేతబట్టుకుని నడిచే పాట, అలాంటివి ఓ పదిహేను ఉంటాయి. అవి వింటూ ఉంటే నాకు దేవుడు పక్కనే కూర్చుని కాళ్లు చాపుకున్నట్టు ఉంటుంది.

ఎండలు మొదలయ్యే రోజుల్లో బొంగరం చేతిలోంచి కొస జారింది.

"సబ్బు ఎక్కువైంది, బట్ట జారుతోంది" అంది.

మర్నాడు మళ్లీ జారింది. "ఈ కొత్త దుప్పట్లు వట్టి సన్నపువి."

మూడో రోజు పాత దుప్పటే జారింది. ఆమె కుడిచేతి చూపుడువేలూ బొటనవేలూ కలిపి చూసుకుంది. కలిశాయి గానీ నిలవలేదు. గుంజక్క కిందపడ్డ కొస తీసి, ఆమె చేతిలో పెట్టి, వేళ్ల మీద తన వేళ్లు వేసి ఒక్క క్షణం నొక్కి వదిలింది.

మెడలో నరం నలుగుతోందని పెద్ద డాక్టరు అనుమానపడ్డారు. ఎక్కడ నలుగుతోందో తెలియాలంటే స్కాన్ తీయాలి. ఆ గొట్టంలాంటి యంత్రంలో నలభై నిమిషాలు కదలకుండా పడుకోవాలి. కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. మత్తు ఇచ్చి తీయొచ్చు గానీ ఆమెకు ఆయాసం ఉంది, అందుకని వద్దన్నారు. "బొమ్మ లేకుండా మెడ మీద కత్తి పెట్టలేనమ్మా. ఆలస్యం చేస్తే ఆ వేళ్లు మళ్లీ మన మాట వింటాయని కూడా చెప్పలేను" అన్నారాయన.

మొదటిసారి నాలుగు నిమిషాలు ఉంది. ఐదో నిమిషంలో చేతికిచ్చిన రబ్బరు బుడ్డి నొక్కేసింది.

"ఏమైందే?" అంది గుంజక్క.

"లోపల ఎవడో సుత్తితో కొడుతున్నాడక్కా. టకటకటక. తలుపు తీయమని కొడుతున్నట్టే ఉంటుంది. తీయకుండా ఎలా పడుకుంటాం?"

స్కానింగ్ గదిలో పనిచేసే మేడమ్ మంచిమనిషి. "పాటలు తెచ్చుకోండి. చెవులకి పెట్టి వినిపిస్తాను, మనసు నిమ్మళంగా ఉంటుంది" అందిట.

బొంగరం కూతురు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తుంది. ఆ సాయంత్రమే మా గదికొచ్చింది. "అత్తా, బాబాయ్, మీరే చెప్పాలి. మా అమ్మకి ఏ పాట వింటే హాయిగా ఉంటుంది? ఇంట్లో ఆవిడ ఏ పాటా చివరిదాకా వినదు, సగంలో లేచి పోతుంది. ఇక్కడైతేనే పూర్తిగా వింటుంది."

అందరం మీదపడి చెప్పాం. ఇస్త్రీ బాబాయి పడవ పాట చెప్పాడు. గుంజక్క చాపా గిన్నే పాట చెప్పింది. ఆవిరి గది చూసుకునే పెద్దాయన, ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడే మనిషి, వచ్చి "చెప్పుల పాట" అని వెళ్లిపోయాడు. ట్రాలీలు తోసే ఆయన తన ఫోనులోంచి గాలి పాట ఎక్కించాడు. నేను మాత్రం దేవుడి పాట ఒకటి పెట్టమన్నాను.

"వద్దు సూదమ్మా, దేవుడి పాట వస్తే ఇది చప్పట్లు కొడుతుంది" అంది గుంజక్క. నిజమే అనిపించి మానేశాను.

పది పాటలయ్యాయి. కూతురు ఆ జాబితాకి 'తేలిక' అని పేరు పెట్టింది. అక్కడే నిలబడి అన్నీ ఒకసారి వినిపించింది. మేమంతా పని చేసుకుంటూనే విన్నాం, అద్భుతంగా ఉందన్నాం. ఇస్త్రీ బాబాయి కళ్లు తుడుచుకున్నాడు. అది చెమటేనని తర్వాత వాదించాడు.

రెండోసారి బొంగరం నలభై నిమిషాలూ ఉంది. బుడ్డి నొక్కలేదు. బయటికొచ్చి గర్వంగా మా గదంతా మూడుసార్లు చుట్టింది. "కట్టెలా పడుకున్నా. పడవ పాట వస్తుంటే ఒళ్లు ఎంత తేలికైపోయిందో తెలుసా సూదమ్మా, నేనున్నానని నాకే తెలియలేదు."

సాయంత్రానికి కబురొచ్చింది. ఒక్క బొమ్మా పనికిరాలేదు.

"మొత్తం చెదిరిపోయింది" అంది మేడమ్. "భుజాలు కదులుతూనే ఉన్నాయి. అదీ ఒకే తీరున. ఆగుతారు, కదులుతారు, ఆగుతారు, కదులుతారు. నిద్రలో ఏదో పని చేస్తున్నట్టు."

"నేనా? కదిలానా? మీ యంత్రమే కదిలుంటుంది!" అంది బొంగరం. అప్పుడు కూడా ఆమె నిలబడలేదు, గోడ వెంట అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. మేడమ్ క్యాలెండరు చూసింది. గురువారం మధ్యాహ్నం ఒక్కటే ఖాళీ ఉంది. ఆ తర్వాత యంత్రం మరమ్మతుకి ఆగుతుంది, మూడు వారాలు. చుట్టుపక్కల ఇంకో యంత్రం లేదు.

సోమవారం మా గదిలో బొంగరం ఎడమచేత్తో మడుస్తోంది, కుడిచెయ్యి ఊరికే వెంట వస్తోంది. ఏ పక్కకి చూడాలో తెలియక ఇస్త్రీ బాబాయి కూతురు పంపిన జాబితానే స్పీకర్లో పెట్టాడు. పడవ పాట మొదలైంది. నేను దారం తెంపడానికి తలెత్తాను.

ఆ తలెత్తడమే. గదిలో ఆరు జతలున్నాయి. ఆరుగురు ఒక్కసారే ముందుకు నడిచారు, ఒక్కసారే వంగారు, ఒక్కసారే వెనక్కి వెళ్లారు. పాటలో పడవవాడు "ఓ" అని గొంతు సాగదీసే చోట ఆరు దుప్పట్లూ ఒక్కసారే దులిపారు. ఇరవై రెండేళ్లుగా నా కళ్ల ముందు జరుగుతున్నదే. నేనెప్పుడూ చూడలేదు.

"బాబాయ్, ఆ పాట ఆపండి" అన్నాను.

ఆపాడు. అందరి చేతులూ ఆగాయి.

"మళ్లీ పెట్టండి."

పెట్టాడు. అందరూ నడిచారు.

ముందు నవ్వింది బొంగరమే. దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మీరంతా నాకు హాయి పాటలిచ్చారనుకున్నాను. డ్యూటీ వేశారన్నమాట!" అంది. అందరం నవ్వాం. ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. గురువారానికి మూడు రోజులే ఉంది.

వేరే పాటలు వెతికి, ఆమెను బల్ల మీద పడుకోబెట్టి వినిపించాం. హుషారు పాటలకి ఆమె తల ఊపుతుంది. జోల పాట పెడితే కూతుర్ని ఊపిన కాలు ఊగుతుంది. వాద్యాలు మాత్రమే ఉన్నది పెడితే, "దీనికి మాటలేవీ?" అని లేచిపోయింది. అసలు పాటే వద్దంటే ఆ సుత్తి ఉండనే ఉంది. ఆమెకు ఏ హాయి అయినా చేతుల్లోంచే వస్తుందని, పని పక్కనపెట్టి విన్న పాట ఆమె జీవితంలో ఒక్కటీ లేదని మాకప్పుడు తెలిసింది. అదేమైనా తప్పా? దేవుడు కొందరిని అలా చేస్తాడు. కానీ ఆ గొట్టానికి ఆ సంగతి ఎవరు చెప్తారు?

గుంజక్క ఆ రోజంతా ఆలోచించింది. చివరికి దుప్పటి తీసి తన కొసలు బొంగరానికిచ్చింది.

"ఇటు నిలబడు."

"ఎందుకు?"

"పాట వస్తే నీ ఒళ్లు పనిలో పడుతుంది. పడనీ. పట్టుకునే పని చెయ్యి. నేను చేసే పనే. అది కూడా పనేగా? ఇన్నేళ్లూ నేనేం ఖాళీగా నిలబడ్డాననుకున్నావా?"

"మరి నడిచేదెవరు?"

"నేను."

బొంగరం కొసలు వదిలేసింది. "నీకేం మతిపోయిందా అక్కా? ఆ కాలితోనా?"

గుంజక్కకి కుడి మోకాలి కింద ఎప్పుడో బండి గుద్దినప్పుడు ఎముకకి వేసిన రేకు ఉంది. ఆ సంగతి నేను మరిచేపోయాను. బొంగరం మరవలేదు. "నిన్ను నడవనివ్వకూడదనేగా ఇన్నేళ్లూ నేను తిరుగుతోంది!" అని అరిచింది. అరిచాక తనే ఉలిక్కిపడింది, ఇంతకాలం దాచినది జారిపోయినట్టు. ఆమెకు కాలు నిలవదని మేమంతా ఎన్ని జోకులు వేశామో, ఒక్కదానికీ ఆమె జవాబు చెప్పలేదు.

"తెలుసులేవే" అంది గుంజక్క. "ఇటు నిలబడు."

ఆ రెండు రోజులు చూడాలి. పాట మొదలవగానే బొంగరం ముందుకు దూకేది. ఇటు నుంచి గుంజక్క వచ్చేది. నడిమధ్య తలలు ఢీకొనేవి.

"నిలబడవే!"

"నిలబడే ఉన్నాను, కాళ్లే వస్తున్నాయి!"

"అవి నీ కాళ్లేనా? సొంతమా, అద్దెకి తెచ్చుకున్నావా?"

ఇస్త్రీ బాబాయి నేల మీద రెండు పాదాల గుర్తులు సుద్దతో గీశాడు. వాటిలో నిలబడమన్నాం. మంగళవారం ఆ సుద్ద సాయంత్రానికల్లా చెరిగిపోయింది. బుధవారం కొంచెం మిగిలింది. గుంజక్క నడిచింది. మోకాలు పట్టుకోలేదు, అబ్బా అనలేదు. మధ్యాహ్నం అందరూ టీకి వెళ్లాక సబ్బు సంచుల వెనక కూర్చుని మందు రాసుకోవడం నేను చూశాను. చూడనట్టు సూదిలో దారం ఎక్కించుకున్నాను. కాసేపటికి ఆవిరి గది పెద్దాయన వచ్చి వేడి నీళ్ల సంచి ఆవిడ పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

గురువారం మధ్యాహ్నం గుంజక్కా నేనూ ఆమె వెంట వెళ్లాం. లిఫ్టు ఆయన సెలవు పెట్టి వచ్చాడు. ఎప్పుడూ స్టూలు మీద ఉండే ఆ మనిషి బయట బల్ల మీద కూర్చోలేకపోయాడు. తలుపు నుంచి నీళ్ల కుళాయి దాకా, అక్కడ్నుంచి తలుపు దాకా తిరుగుతున్నాడు. ఒకే ఇంట్లో ఇద్దరు తిరిగేవాళ్లు, నేనింతకాలం ఒకరినే చూశాను.

గుంజక్క ఆలోచన ఏమిటంటే, తనూ లోపలికి వెళ్లి ఆమె కాళ్ల వైపు దుప్పటి కొసలు పట్టుకుని నిలబడాలని. మేడమ్ ఒక కాగితం తీసింది. "ఒంట్లో ఎక్కడైనా లోహం ఉందా?" అని అడిగింది.

గుంజక్క నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"కాలిలో రేకు ఉంది. పాతికేళ్ల కిందటిది."

"ఏ లోహమో రాసిన కాగితం ఉందా?"

"ఆ ఆసుపత్రే లేదిప్పుడు."

"అయితే లోపలికి పంపలేనమ్మా. ఆ యంత్రం అయస్కాంతం. మీకే ప్రమాదం."

బొంగరం మొహం పాలిపోయింది. "నా వల్ల కాదు. గుంజ లేకుండా నాకు పట్టుకోవడం రాదు. ఇంటికి పోదాం పదండి." అప్పటికే తలుపు వైపు నాలుగడుగులు వేసింది.

మేడమ్ ఆమెను ఆపలేదు. బీరువా తీసి ఒక దుప్పటి తెచ్చింది. మా దుప్పటే, అంచున నేను వేసిన కుట్టు గుర్తుపట్టాను. "ఇది మీరు మడిచిందేగా?" అంది. "పదకొండేళ్లుగా రోజూ ఇవి పరుస్తున్నాను. కొసకి కొస ఎప్పుడూ తప్పలేదు. ఎవరు మడుస్తారో అనుకునేదాన్ని." తర్వాత గాజు కిటికీ ఇవతల ఉన్న చిన్న మైకు చూపించింది. "ఈవిడ ఇక్కడ నిలబడొచ్చు. చప్పుడు ఆగినప్పుడల్లా ఈ మీట నొక్కి మాట్లాడొచ్చు. లోపల మీకు వినపడుతుంది."

బొంగరం దుప్పటి చేతిలోకి తీసుకుంది. కాసేపు దాని అంచు నలిపింది. "పాటలు కూడా పెట్టండి" అంది. "ఆ పాటలే."

ఆమెను పడుకోబెట్టి దుప్పటి కప్పారు. పై కొసలు రెండు పిడికిళ్లలో పట్టుకుంది. కుడి పిడికిలి సరిగా బిగియకపోతే మేడమ్ ఆ కొసను వేళ్ల మధ్యగా ఒక చుట్టు తిప్పింది. బల్ల గొట్టంలోకి జారింది. గాజు కిటికీలోంచి మాకు రెండు అరికాళ్లే కనిపిస్తున్నాయి. నేను కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను. ఏం అడగాలో తోచక, ఆ అరికాళ్లను కాస్త చూసుకో స్వామీ అన్నాను.

గుంజక్క మీట నొక్కింది.

"పట్టుకున్నావా?"

"ఊఁ."

"దులిపాం. నేను వస్తున్నా. నువ్వు రాకు."

సుత్తి చప్పుడు మొదలైంది. బయటికే అంత గట్టిగా ఉంటే లోపల ఎలా ఉంటుందో. పక్కనున్న తెర మీద పడవ పాట మొదలైనట్టు చిన్న గీత కదులుతోంది. అరికాళ్ల బొటనవేళ్లు ఒక్కసారి బిగుసుకున్నాయి. తర్వాత మెల్లగా వదులయ్యాయి. నాలుగు నిమిషాలు. చప్పుడు ఆగింది.

"ఇదిగో, వచ్చా. నా కొసలు తీసుకున్నావా?"

"తీసుకున్నా."

"వంగుతున్నా. అబ్బ. వెళ్తున్నా. నువ్వు రాకు."

"అక్కా, నెప్పిగా ఉందా?"

"నోరు మూసుకుని పట్టుకో."

మళ్లీ చప్పుడు. గుంజక్క ఊరికే అనడం లేదని నాకప్పుడు తెలిసింది. ఆ చిన్న గదిలో మైకు నుంచి గోడ దాకా నిజంగానే నడుస్తోంది. గోడ దగ్గర వంగుతోంది, లేని మడత అందుకుంటోంది, కుంటుతూ వెనక్కి వస్తోంది. ఎవరూ చూడరు కదక్కా అన్నాను. "నడవకుండా నడిచానని ఎలా చెప్పనూ? దానికి తెలిసిపోతుంది" అంది. మేడమ్ తన కుర్చీ వెనక్కి జరిపి ఆవిడకి దారిచ్చింది.

చెప్పుల పాట వచ్చినప్పుడు తెర మీద మొదటి బొమ్మలు తేలాయి. మెడ ఎముకలు పూసల్లా వరుసగా, అంచులు ఎక్కడా చెదరకుండా ఉన్నాయి. మేడమ్ నా చెయ్యి గట్టిగా నొక్కింది. నేను బయటికి వెళ్లి లిఫ్టు ఆయనకి చెప్పాను. ఆయన కుళాయి దగ్గర ఆగి, తిప్పి, నీళ్లు తాగకుండానే కట్టేశాడు.

ఏడోసారి చప్పుడు ఆగాక మేడమ్ "అయిపోయింది" అంది. బల్ల బయటికి రావడమే ఆలస్యం, అరికాళ్లు నేల వెతుక్కున్నాయి. మాట పూర్తికాకముందే బొంగరం లేచి నిలబడి ఉంది.

"ఎన్నయ్యాయి?" అంది.

"ఏడు" అంది గుంజక్క.

"నలభై నిమిషాలకి ఏడా! నడిచే వైపు నీకిస్తే రోగులు నేల మీద పడుకోవాలి."

డాక్టరు ఆ సాయంత్రమే బొమ్మలు చూశారు. నరం నలిగే చోటు స్పష్టంగా ఉందన్నారు, వచ్చే సోమవారం ఆపరేషన్ అన్నారు. వేళ్లు పూర్తిగా వస్తాయా అని అడిగితే, చాలావరకు అన్నారు. ఆ చాలావరకు అన్న మాట పట్టుకుని బొంగరం వరండా అంతా ఎన్నిసార్లు తిరిగిందో నేను లెక్కపెట్టలేదు.

కానీ అంతకుముందు, ఆ స్కానింగ్ గది గుమ్మంలోనే, తను కప్పుకున్న దుప్పటి ఆమె వదిలి రాలేదు. "మురికిది ఎలా ఉన్నా సరే, మడవకుండా ఇవ్వకూడదు" అంది. తన రెండు కొసలు తీసుకుని దులిపింది. కుడిచేతి కొస జారి నేలకి వేలాడింది. ఎవరూ కదల్లేదు. గుంజక్క తన రెండు కొసలూ పట్టుకుని, రేకు ఉన్న కాలు కొంచెం పక్కకు సర్దుకుని, నిలబడింది.

"ఏం, ఇంకా అక్కడే ఉన్నావు?" అంది. "రా."

బొంగరం వంగి, ఎడమచేత్తో ఆ కొస అందుకుని, నడిచింది.